దర్రీ నేతకారుల కంపెనీకి శ్రేయోభిలాషి సొమ్ము: వాటాగానా, అప్పుగానా?

ప్రశ్న (కొత్తవాడ, వరంగల్)

అందరికీ నమస్కారం. మా వాడలోని దర్రీ నేతకారులు కలిసి పెట్టుకున్న ప్రొడ్యూసర్ కంపెనీకి నేను లెక్కలు చూస్తున్నాను. హైదరాబాదు హోటళ్ల నుంచి, దుకాణాల నుంచి ఆర్డర్లు బాగానే వస్తున్నాయి. అయితే నూలు నగదుకే కొనాలి, నేతకారులకు వారం వారం కూలి ఇవ్వాలి, బిల్లుల సొమ్ము మాత్రం మూడు నాలుగు నెలలకు గాని చేతికి రాదు. మాకు తెలిసిన విశ్రాంత లెక్చరర్ గారు ఒకరు ఎనిమిది లక్షలు పెడతామని, బ్యాంకు వడ్డీ వస్తే చాలునని, కానీ నేతకారుల కూలి పెరగాలని అంటున్నారు. ఆయన మిత్రులు కూడా తలా లక్ష ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. వారికి వాటాలు ఇవ్వవచ్చునా? సామాజిక సేవా సంస్థలు నిధులు సేకరించుకునే సోషల్ స్టాక్ ఎక్స్ఛేంజికి వెళ్లమని ఇంకొకరు సలహా ఇచ్చారు. పెద్దలు దారి చూపగలరు.

జవాబు (చార్టర్డ్ అకౌంటెంట్, హనుమకొండ)

ప్రొడ్యూసర్ కంపెనీలో వాటా ఉత్పత్తిదారులకే చెందుతుంది. చేనేత కూడా చట్టం చెప్పిన ఉత్పత్తుల్లో ఉన్నందువల్లనే మీ నేతకారులు సభ్యులు కాగలిగారు. నేతపని చేయని లెక్చరర్ గారు ఎంత మంచి మనసుతో వచ్చినా, ఆయన పేర వాటా పత్రం రాయడం కుదరదు.

అప్పు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. డైరెక్టరు గాని, డైరెక్టరు దగ్గరి బంధువు గాని, ఆ సొమ్ము తాము వేరొకరి వద్ద అప్పు తెచ్చి ఇస్తున్నది కాదని రాతపూర్వకంగా ప్రకటించి ఇస్తే అది డిపాజిట్ కిందికి రాదు. సభ్యుల నుంచి కూడా పరిమితికి లోబడి తీసుకోవచ్చును. బయటి వ్యక్తి ఇచ్చిన అప్పు మాత్రం 2014 నాటి కంపెనీల డిపాజిట్ నియమాల ప్రకారం డిపాజిట్‌గానే లెక్కకు వస్తుంది, దానిని మీ కంపెనీ తీసుకోరాదు. ప్రామిసరీ నోటు రాసుకున్నంత మాత్రాన దాని స్వభావం మారదు. మిత్రులందరి దగ్గరా తలా లక్ష వసూలు చేయడం మొదలుపెడితే, క్రమబద్ధం కాని డిపాజిట్లను నిషేధించిన 2019 చట్టం దాకా వ్యవహారం పోవచ్చును. చిట్టీల పేరిట జనం సొమ్ముతో పారిపోయినవారి కేసులు చూసి చూసి ఉన్న పోలీసులకు మీ సదుద్దేశం మొదటి రోజే అర్థమవుతుందని ఆశించకండి.

సోషల్ స్టాక్ ఎక్స్ఛేంజిలో జారీ అయ్యే జీరో కూపన్ జీరో ప్రిన్సిపల్ పత్రాలు లాభాపేక్ష లేని సంస్థలకు ఉద్దేశించినవి. వాటిలో పెట్టిన సొమ్ముకు వడ్డీ సరే, అసలు కూడా తిరిగి రాదు. పైగా ఒక్కో ఇష్యూ కనీసం 50 లక్షల రూపాయలు ఉండాలి. కాబట్టి ఆ మాట పక్కన పెట్టండి.

నా దృష్టిలో మీ కంపెనీకి కొరత పెట్టుబడి కాదు, సకాలంలో రావలసిన బిల్లు సొమ్ము. సూక్ష్మ, చిన్న తరహా సంస్థగా ఉద్యమ్ (ఇటువంటి సంస్థల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే పోర్టల్) నమోదు చేసుకున్నారా? 2006 నాటి చట్టం ప్రకారం, ఒప్పందంలో ఎంత గడువు రాసుకున్నా, సరుకు అందుకున్న కొనుగోలుదారు 45 రోజులు దాటకుండా చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ పడుతుంది. 2024 ఏప్రిల్ నుంచి అమలైన ఆదాయపు పన్ను మార్పు వల్ల, గడువు దాటిన బిల్లును చెల్లించే వరకు ఖర్చుగా చూపుకునే వీలు కూడా కొనుగోలుదారుకు లేదు. ఉద్యమ్ సంఖ్యను ప్రతి బిల్లు మీదా ముద్రించండి. మర్యాదగా ఒక ఉత్తరం రాస్తే చాలా సంస్థల లెక్కల విభాగం కదులుతుంది.

జవాబు (విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, కరీంనగర్)

పై మిత్రులు చెప్పినదానికి కొంత చేరుస్తాను. లెక్చరర్ గారి సొమ్ము కంపెనీ ఖాతాలోకి రాకుండానే కంపెనీకి ఉపయోగపడవచ్చును. ఆయన తన పేరనే బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసి, కంపెనీ తీసుకునే క్యాష్ క్రెడిట్‌కు, అంటే అవసరమైనప్పుడు వాడుకుని తిరిగి కట్టే బ్యాంకు రుణానికి, దానిని హామీగా పెట్టవచ్చును. డిపాజిట్ వడ్డీ ఆయనకే వస్తుంది. నూలు కొన్నప్పుడు కంపెనీ వాడుకుని, బిల్లు రాగానే జమ చేస్తుంది. వాడుకున్న రోజులకే వడ్డీ పడుతుంది. కంపెనీ చెల్లించలేకపోతే బ్యాంకు ఆ డిపాజిట్‌నే జమ కట్టుకుంటుందని ఆయనకు ముందే, ఇంటివారి ఎదుటే చెప్పండి. సాయం చేయాలని వచ్చిన మనిషికి నష్టం సంగతి దాచడం న్యాయం కాదు.

దానికన్నా ముందు బ్యాంకునే అడగండి. చిన్న తరహా సంస్థలకు 20 లక్షల వరకు (2026 ఏప్రిల్‌కు ముందు 10 లక్షలు) ఇచ్చే రుణానికి తాకట్టు అడగరాదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉన్నది. శాఖలో కాదంటే ఆ మాట కాగితం మీద ఇవ్వమనండి. రెండు మూడేళ్ల ఆడిట్ లెక్కలు, చేతిలోని ఆర్డర్లు చూపిస్తే లెక్చరర్ గారి డిపాజిట్‌తో పని పడకపోవచ్చును.

ఆయన మిత్రులు దర్రీలకు ముందే డబ్బు కట్టి ఆర్డరు ఇవ్వవచ్చును. సరుకు కోసం తీసుకున్న అడ్వాన్సును 365 రోజుల్లోగా సరుకు ఇచ్చి సరిపెడితే అది డిపాజిట్ కాదు. అయితే నిజంగా సరుకు పంపాలి. అడ్వాన్సు పేరుతో అప్పు నడపకూడదు.

సభ్యుల సొమ్మును చిన్నచూపు చూడకండి. మన ముల్కనూరు సహకార సంఘం 1956లో మొదలై ఇంతకాలం నిలబడడంలో సభ్యుల పొదుపుది పెద్ద పాలు. మీ నేతకారులకు అంత స్తోమత లేదని నాకు తెలుసును. అయినా కూలి బిల్లులో కొద్ది మొత్తం వారి అంగీకారంతో వాటాధనంగా మళ్లితే బ్యాంకు మీ మాటను వేరుగా వింటుంది.

ప్రశ్నించినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు సార్. ఉద్యమ్ నమోదు ఉన్నది గాని, బిల్లుల మీద సంఖ్య వేయడం లేదు. కూలి పెరగాలన్న లెక్చరర్ గారి షరతును కాగితం మీద ఎట్లా పెట్టాలి?

జవాబు (విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, కరీంనగర్)

'జీవితాల్లో వెలుగు' వంటి మాటలు రాయకండి, వాటిని ఎవరూ కొలవలేరు. చదరపు అడుగుకు నేడు ఇస్తున్న కూలి ఎంత, ఏ వారం కూలి ఏ రోజున చేతికి అందింది, పని లేక మగ్గం ఎన్ని రోజులు ఆగింది, ఈ మూడింటినీ మూడు నెలలకొకసారి కూలి రిజిస్టరు నుంచి తీసి ఆయనకు ఇస్తామని ఒక ఉత్తరంలో రాయండి. కూలి రేటు పెంపును మాత్రం హామీగా రాయవద్దు. హోటలు ధర పెంచకుండా మీరు కూలి పెంచితే ఆ భారం క్యాష్ క్రెడిట్ మీద పడుతుంది, అక్కడి నుంచి ఆయన డిపాజిట్ మీదికి వస్తుంది. కొత్త ఆర్డరు ధర కుదిరినప్పుడల్లా అందులో కూలికి పోయే భాగం తగ్గదని రాస్తే అది నిలబెట్టుకోగల మాట. డిపాజిట్ హామీకి ఏడాది గడువు పెట్టి, పొడిగించాలంటే ఆయన మళ్లీ సంతకం చేయాలని బ్యాంకు పత్రంలోనే రాయించండి.