పై అంతస్తుకు వేరే కరెంటు బోర్డు పెట్టించినవారు ఉన్నారా?

మేడగది:
మా ఇంటికి కింద ఒకే బోర్డు ఉంది. పై అంతస్తు తీగలన్నీ అక్కడి నుంచే వెళ్తాయి. ఈ మధ్య పైన రెండు ఏసీలు, గీజరు, ఇండక్షన్ పొయ్యి చేరాయి. గీజరు నడుస్తుండగా పొయ్యి వెలిగిస్తే కింద ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్చు) పడిపోతోంది. మెట్లు దిగి దాన్ని పైకెత్తి మళ్లీ ఎక్కడం నాకు రోజువారీ వ్యాయామమైపోయింది. పాత బోర్డులో కొత్త ఎంసీబీకి చోటు లేదు. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసి, పైన ఒక సబ్ బోర్డు పెట్టి, కింద నుంచి ఒకే లావు కేబుల్ తెద్దామన్నారు. ఒక్క రోజు పని అట. చేయించుకున్నవారు చెప్పండి, ముందుగా ఏమేమి అడగాలి? నాకు ఫ్యూజు వైరు మార్చడం తప్ప ఇంకేమీ రాదు.

పెంకుటిల్లు:
మూడేళ్ల కిందట మేమూ చేయించాం. సబ్ బోర్డు పెట్టినంత మాత్రాన ఇంటికి వచ్చే కరెంటు పెరగదు. పంపకం మారుతుంది, అంతే. పైన ఉన్నవాటి వాట్లన్నీ ఒక కాగితం మీద కూడి చూడండి. ఏసీలు ఒక్కొక్కటి 1500, గీజరు 2000, పొయ్యి 2000 అనుకుంటే మొత్తం 7000 వాట్లు. 230 వోల్టుల దగ్గర అది సుమారు 30 ఆంపియర్లు. దానికి కింది అంతస్తు వాడకం కలపండి. మీ మీటరుకు అనుమతించిన లోడు అంత ఉందా? మాకు చాలక, ముందు లోడు పెంచమని దరఖాస్తు పెట్టుకోవలసి వచ్చింది. బోర్డు, కేబుల్ అన్నీ కొని తెచ్చాక ఈ సంగతి తెలిసింది.

తీగలపని:
ఇరవై ఏళ్లకు పైగా నాది ఇదే పని. "లావు కేబుల్" అంటే ఎంత లావో అడగండి. కింది బోర్డు నుంచి పై బోర్డుకు దారి 25 మీటర్లు అనుకుందాం. 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు మీటరుకు సుమారు 3.1 మిల్లీఓముల నిరోధం ఉంటుంది. పోను, రాను 50 మీటర్లు. 30 ఆంపియర్లు పారితే దారిలోనే నాలుగున్నర వోల్టులకు పైగా పోతుంది. అదే 10 చదరపు మిల్లీమీటర్ల తీగ అయితే మూడు వోల్టుల లోపే. 6 కూడా పనికిరాదని కాదు. కానీ గోడలో ఒకే పైపులో ఇతర తీగలతో కలిసి వెళ్తే వేడి బయటికి పోక, తీగ మోయగల కరెంటు తగ్గుతుంది. రేపు ఇంకో ఏసీ పెడతారు కూడా, నాకు తెలుసు. కింద ఈ కేబుల్‌కు పెట్టే ఎంసీబీ, కేబుల్ మోయగలిగినదానికి మించి ఉండకూడదు. మాటిమాటికీ పడిపోతోందని పెద్ద ఎంసీబీ వేసి చేతులు దులుపుకునేవారిని చాలామందిని చూశాను. అప్పుడు ఎంసీబీ పడదు, తీగ కాలుతుంది.

ఇక పై బోర్డులో న్యూట్రల్ పట్టీ, ఎర్త్ పట్టీ విడివిడిగా ఉండాలి. రెండింటినీ అక్కడ కలిపేస్తే, న్యూట్రల్‌లో వెనక్కి వెళ్లవలసిన కరెంటులో కొంత ఎర్త్ తీగ పట్టుకుని పోతుంది. అన్నీ బాగానే వెలుగుతాయి, అందుకే ఎవరికీ తెలియదు.

నీలిగడప:
న్యూట్రల్ మాట వచ్చింది కాబట్టి మా మెట్ల బల్బు కథ చెప్తాను. పై బోర్డు బిగించి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్చు) ఎత్తారు. నిలబడింది. ఏసీ వేశాం, నిలబడింది. గీజరు వేశాం, నిలబడింది. చీకటి పడుతోందని మెట్ల లైటు వేశాను, టప్పున పడింది. ఎత్తితే మళ్లీ పడింది. ఆర్‌సీసీబీయే చెడిపోయిందని ఎలక్ట్రీషియన్ కొత్తది తెచ్చి మార్చారు. అదీ అంతే. చివరికి ఆయన సహాయకుడు మెట్ల స్విచ్ బోర్డు విప్పి చూస్తే, బల్బుకు ఫేజు పై అంతస్తుది, న్యూట్రల్ కింది అంతస్తుది! ఎప్పుడో ఇల్లు కట్టినప్పుడు దగ్గరగా దొరికిన తీగ కలిపేశారు. ఒకే బోర్డు ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. ఆర్‌సీసీబీ వెళ్లిన కరెంటును, తిరిగి వచ్చిన కరెంటును పోల్చి చూస్తుంది. 30 మిల్లీఆంపియర్ల తేడా వస్తే పడిపోతుంది. 9 వాట్ల బల్బు తీసుకునేది 40 మిల్లీఆంపియర్ల దాకా ఉంటుంది, అదంతా వేరే దారిలో వెళ్లిపోతోంది. మెట్లు, బాల్కనీ, బయటి గేటు లైట్లు ముందే చూపించండి.

కొలబద్ద:
నీలిగడప గారూ, మా ఇంట్లో ఇంకో చిక్కు. కింద 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, పైన కూడా 30దే. పైన గీజరులో లీకేజీ వస్తే ఒక్కోసారి పైది, ఒక్కోసారి రెండూ కలిసి పడేవి. ఇల్లంతా చీకటి. నన్ను అడిగితే కింద ఆర్‌సీసీబీ తీసేయడమే మేలు.

తీగలపని:
తీసేయవద్దండీ. కింది అంతస్తు ప్లగ్గులకు రక్షణ ఎక్కడి నుంచి వస్తుంది? కింద మెయిన్‌లో కాస్త ఆలస్యంగా పడే రకం, 100 మిల్లీఆంపియర్లది పెట్టి, పైన ఒకటి, కింది అంతస్తు లైన్లకు ఒకటి 30వి విడిగా పెడితే ఎక్కడి తప్పు అక్కడే ఆగుతుంది. ఇంకొక మాట, ఆర్‌సీసీబీ ఉంది కదా అని ఎంసీబీ మానకూడదు. లోడు ఎక్కువైతే ఆర్‌సీసీబీకి పట్టదు.

పెంకుటిల్లు:
బోర్డును తలుపు వెనక, బీరువా వెనక పెట్టనివ్వకండి. మాది తలుపు వెనకే ఉంది, ఇప్పుడు ఏడుస్తున్నాం. కరెంటు ఇచ్చే ముందు మెగ్గరుతో (తీగల తొడుగులో లీకేజీ ఉందేమో చూసే పరికరం) ఇన్సులేషన్ పరీక్ష చేయమనండి. 500 వోల్టులు పెట్టి చూస్తారు కాబట్టి అప్పుడు టీవీ, ఏసీ ప్లగ్గులు తీసి ఉంచాలి.

మేడగది:
పని ముగిసింది. ఒక రోజు అన్నది ఒకటిన్నర రోజు పట్టింది. 10 చదరపు మిల్లీమీటర్ల కేబుల్, కింద దానికి 40 ఆంపియర్ల ఎంసీబీ, పైన పన్నెండు గడుల బోర్డు. నాలుగు గడులు ఖాళీ. మెట్ల బల్బు సంగతి ముందే చెప్తే ఎలక్ట్రీషియన్ నా వైపు ఒకసారి చూసి, ఏమీ అనకుండా నిచ్చెన తెచ్చుకున్నారు. మా ఇంట్లోనూ అదే తప్పు! అన్నీ వేసి కొలిపించాను. కింద 228 వోల్టులు, పైన 225. తీగలపని గారి లెక్క తప్పలేదు. ఏ ఎంసీబీ దేనికో మా అమ్మ అట్ట ముక్కల మీద రాసి అంటించింది. ఖాళీ గడుల దగ్గర "ఇక్కడ ఏమీ లేదు" అని కూడా రాసింది.

తీగలపని:
ఆ ఖాళీ గడులకు మూతలు బిగించారా? వేలు గానీ బల్లి గానీ దూరేంత సందు ఉండకూడదు.

మేడగది:
ఇప్పుడే వెళ్లి చూశాను. రెండింటికి ఉన్నాయి, రెండింటికి అమ్మ అట్ట ముక్కలే అడ్డం. రేపు ఆయనకు ఫోను చేస్తాను.