రేషన్ బియ్యం ఆపి నగదు ఇవ్వడం మేలా? (చర్చ)

పెన్నాతీరం

రేషన్ షాపులో బియ్యం ఇవ్వడం ఆపేసి, ఆ విలువను కుటుంబంలోని మహిళ బ్యాంకు ఖాతాలో నెలనెలా జమ చేయడమే మేలని నా అభిప్రాయం. నా కారణాలు చెబుతాను. కాదనేవారు కూడా కారణాలతోనే కాదనాలని మనవి.

సేకరణ, మిల్లింగ్, గోనె సంచులు, రవాణా, నిల్వ అన్నీ కలుపుకుంటే కిలో బియ్యం మీద ప్రభుత్వానికి పడే ఖర్చు 40 రూపాయల చుట్టుపక్కల ఉంటుంది. ఆ బియ్యాన్ని ఉచితంగా తీసుకున్న ఇళ్లలో చాలామంది, వీధిలోకి వచ్చి కొనేవాడికి పది పన్నెండు రూపాయలకు ఇచ్చేసి, పైన సొంత డబ్బు వేసుకుని సన్నబియ్యం కొనుక్కోవడం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అందరూ చూస్తున్నదే. 2024 నవంబరులో కాకినాడ పోర్టులో ఎగుమతికి సిద్ధంగా ఉన్న ఓడలో రేషన్ బియ్యం ఉన్నట్టు అధికారులే ప్రకటించారు. అంటే పేదవాడి పేరున ఖర్చుపెట్టిన ప్రతి 40 రూపాయల్లో పాతిక, ముప్పై రూపాయలు అతని గడప దాటగానే వేరొకరి లాభంగా మారుతున్నాయి.

రెండో కారణం ఇంకా ముఖ్యమైనది. ఐదేళ్లకోసారి ప్రభుత్వాన్ని ఎంచుకునే విచక్షణ ఉందని మనం ఒప్పుకున్న మనిషికి, తన ఇంట్లో ఏం వండుకోవాలో నిర్ణయించుకునే విచక్షణ లేదనడం ప్రజాస్వామ్యానికి తగిన మాట కాదు. అనంతపురం వైపు రాగి సంగటి తినే ఇంటికీ, కోనసీమలో మూడు పూటలా అన్నం తినే ఇంటికీ ఒకే సంచి బియ్యం ఎందుకు?

నల్లరేగడి

పెన్నాతీరం గారూ, బియ్యం పక్కదారి పడుతున్నదన్నది నిజమే. కానీ మీరు సూచించిన మందు వల్ల రోగం పోదు, రోగికి ఉన్న ఆధారం పోతుంది.

ఈ పథకం మన దగ్గర ఎలా నిలబడిందో ముందు గుర్తు చేసుకుందాం. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టింది. 1996లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం ఆ ధరను మూడున్నర రూపాయలకు పెంచింది, 2008లో రాజశేఖర రెడ్డి ప్రభుత్వం తిరిగి రెండు రూపాయలకు తెచ్చింది, 2011లో కిరణ్ కుమార్ రెడ్డి ప్రభుత్వం రూపాయికే ఇచ్చింది, 2023 జనవరి నుంచి ఆహార భద్రతా చట్టం కింద దేశమంతటా ఉచితమైంది. నలభై ఏళ్లలో పార్టీలు మారాయి, ధర ఎక్కింది, దిగింది. అయినా ఏ ముఖ్యమంత్రీ షాపు మూసేసే సాహసం చేయలేదు, ఎందుకంటే అది ప్రతి ఊళ్లో కంటికి కనిపించే చోటు. నెలాఖరున అక్కడ తాళం వేసి ఉంటే పది మంది పోగై అడుగుతారు. ఖాతాలో జమ కావలసిన 200 రూపాయలు ఈ నెల పడకపోతే ఎవరిని అడగాలో, ఎక్కడికి వెళ్లాలో, అసలు పడలేదన్న సంగతి పక్కింటివాళ్లకు ఎలా తెలుస్తుందో చెప్పండి. సెల్‌ఫోనుకు సందేశం రాకపోవడం ఒక్కొక్కరికీ విడివిడిగా జరిగే నష్టం. దాని మీద ఊరు కదలదు.

నగదు ప్రయోగాలు జరగలేదని కూడా అనలేం. 2015లో చండీగఢ్, పుదుచ్చేరిలలోనూ, 2016లో దాద్రా నగర్ హవేలీ పట్టణ ప్రాంతాల్లోనూ ధాన్యం ఆపి డబ్బు వేయడం మొదలుపెట్టారు. మన యానాం కూడా ఆ పుదుచ్చేరిలో భాగమే. అక్కడ మూతబడిన షాపులను జనం కోరి కోరి అడిగాక 2024లో మళ్లీ తెరిచారు. కర్ణాటకలో అన్నభాగ్య అనే ఉచిత బియ్యం పథకం కింద హామీ ఇచ్చిన అదనపు ఐదు కిలోల బియ్యం కేంద్రం నుంచి కొనడానికి దొరకనందున, 2023 జూలై నుంచి కిలోకు 34 రూపాయల చొప్పున మనిషికి 170 రూపాయలు వేశారు. 2025లో ఆ ప్రభుత్వమే నగదు ఆపి తిరిగి బియ్యానికి వచ్చింది.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది ఒకటుంది. 60 నుంచి 79 ఏళ్ల వయసు వారికి వృద్ధాప్య పింఛనులో కేంద్రం ఇచ్చే వాటా పదిహేనేళ్లకు పైగా నెలకు 200 రూపాయల దగ్గరే ఆగిపోయింది. ఆ 200కు అప్పుడు వచ్చిన సరుకులో సగం కూడా ఈనాడు రాదు. ఐదు కిలోల బియ్యం మాత్రం ఏ ఏడాదైనా ఐదు కిలోలే.

సాగర్ కాలువ గట్టు

నల్లరేగడి గారు కేంద్రం వాటా ఒక్కటే చూపించి, రాష్ట్రాల సంగతి వదిలేశారు. ఆంధ్రప్రదేశ్‌లో పింఛను 2014లో వెయ్యి రూపాయలైంది, 2019లో రెండు వేలు దాటింది, 2024 జూలైలో నాలుగు వేలకు చేరింది. నగదు అరిగిపోతుందన్నది అన్నిచోట్లా నిజం కాదు. ఓటరు గట్టిగా అడిగినచోట అది పెరుగుతుంది. అదే నలభై ఏళ్లలో బియ్యం నాణ్యత గురించి ఎవరైనా ఇంత పోటీపడి హామీలిచ్చారా? తెలంగాణలో రేషన్‌లో సన్నబియ్యం రావడానికి 2025 దాకా ఆగవలసి వచ్చింది.

మండల గోదాము

పౌర సరఫరాల శాఖలో పనిచేసి విరమించినవాణ్ణి. ఏ పక్షమైనా వహించేముందు, బియ్యం ఎక్కడ పక్కకు పోతుందో తెలుసుకోవడం అవసరం కనుక కొంత వివరంగా రాస్తున్నాను.

వేలిముద్ర చూసి సరుకు ఇచ్చే ఈ-పోస్ యంత్రాలు రాకముందు దొంగతనం ప్రధానంగా డీలరు దగ్గర జరిగేది. చనిపోయినవారి పేర్ల మీద, ఊరు విడిచిపోయినవారి కార్డుల మీద కోటా విడిపించి నల్లబజారుకు పంపేవారు. తూకంలో కోత ఉండేది. ఆ కోత మూలం చాలాసార్లు ఇంకా పైన, మండల స్థాయి నిల్వ కేంద్రంలోనే ఉండేది. యాభై కిలోల బస్తా అని లెక్క రాసి ఇచ్చేవారు, ఖాళీ గోనె సంచి బరువే అర కిలోకు పైగా ఉంటుంది, హమాలీ కొక్కెం గుచ్చిన చోట కారిపోయేది వేరే. ఆ తరుగంతా తన నెత్తిన వేసుకున్న డీలరు, షాపులో కార్డుదారుడి మీద రాబట్టుకునేవాడు. ఇది సమర్థన కాదు, జరిగిన తీరు.

ఆ యంత్రం వచ్చాక ఆ మార్గం చాలావరకు మూసుకుపోయింది. ఇప్పుడు బియ్యం చట్టబద్ధంగానే ఇంటికి చేరి, అక్కడి నుంచి అమ్ముడవుతోంది. కొనేవాడు దాన్ని మిల్లుకు చేరుస్తాడు. మిల్లరు మళ్లీ పాలిష్ పట్టి బయట అమ్ముతాడు, లేదా రైతుల దగ్గర తీసుకున్న ధాన్యానికి బదులుగా ప్రభుత్వానికి తిరిగి ఇవ్వవలసిన సీఎంఆర్ (మరపట్టి ఇచ్చే) బియ్యంలో కలిపేస్తాడు. ప్రభుత్వం ఒకే బియ్యాన్ని రెండుసార్లు కొన్నట్టవుతుంది. ఇందులో అమ్ముకున్న తల్లిని నేను తప్పుపట్టను. ఇంట్లో పిల్లలు దొడ్డుబియ్యం ముట్టనప్పుడు, పోషకాలు కలిపిన గింజలు నీళ్లలో తేలడం చూసి అవి ప్లాస్టిక్ గింజలేమోనని ఊరంతా జంకుతున్నప్పుడు, వాటిని ఎందుకు కలుపుతున్నారో చెప్పే మనిషి ఒక్కడూ రానప్పుడు ఆమె ఇంకేం చేస్తుంది? తినదగిన బియ్యం ఇస్తే ఈ వ్యాపారానికి సరుకే దొరకదు.

ఇక యంత్రం తెచ్చిన కొత్త కష్టం ఒకటి ఉంది, దాన్ని ఇక్కడ ఎవరూ ప్రస్తావించలేదు. ఏళ్ల తరబడి నాట్లు వేసి, కలుపు తీసి, గచ్చు పనికి వెళ్లి అరిగిపోయిన వేళ్లు అద్దం మీద పడవు. ముసలమ్మ వేలు తుడుచుకుంటుంది, కొంగుకు రుద్దుకుంటుంది, ఇంకో వేలు పెడుతుంది, యంత్రం ప్రతిసారీ అదే జవాబు ఇస్తుంది. కంటిపాపను చూసి గుర్తించే ఐరిస్ యంత్రం ఉంటే గట్టెక్కుతుంది, లేకుంటే రేపు రమ్మంటారు. నగదు ఇచ్చినా ఈ వేలే బ్యాంకు తరఫున ఊళ్లో డబ్బు ఇచ్చే బ్యాంకు మిత్ర దగ్గర పెట్టాలి, అదీ తన ఊళ్లో ఉంటే. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ఇంటింటికీ వాహనాలు పెట్టారు, 2025 జూన్ నుంచి వాటిని తీసేసి మళ్లీ షాపుల్లోనే సరుకు ఇవ్వడం మొదలుపెట్టి, 65 ఏళ్లు దాటినవారికీ, దివ్యాంగులకూ మాత్రం ఇంటికే చేరుస్తామన్నారు. ఆ చివరి మినహాయింపు ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే విలువైన నిర్ణయంగా కనిపిస్తుంది.

పాలేరు వాగు

ఒక చిన్న సవరణ. నగదు అన్నది చట్టంలో లేనిదేమీ కాదు. 2013 ఆహార భద్రతా చట్టం ఎనిమిదో సెక్షన్ ప్రకారం, హక్కుగా రావలసిన ధాన్యం ఇవ్వలేకపోతే రాష్ట్ర ప్రభుత్వం ఆహార భద్రతా భత్యం చెల్లించాలి. అంటే ఆ సెక్షన్ దృష్టిలో డబ్బు వైఫల్యానికి పరిహారం. ధాన్యానికి బదులు నగదు బదిలీ పథకాలకు వీలు కల్పించింది అదే చట్టంలోని పన్నెండో సెక్షన్. ఆ భత్యం అడిగి తీసుకున్న కార్డుదారుణ్ణి నేనింతవరకు చూడలేదు.

పెన్నాతీరం

గోదాము గారు చెప్పినది చదివాక నా వాదనకు బలం పెరిగిందనే అనుకుంటున్నాను. గోదాము, లారీ, డీలరు, మిల్లు అనే ఇన్ని చేతులు ఉన్నంతకాలం, ఒకచోట కంత పూడిస్తే ఇంకోచోట పడుతూనే ఉంటుంది. అయితే నేను కోరేది బలవంతపు మార్పు కాదు. ఏడాదికోసారి కార్డుదారు తనకు బియ్యం కావాలో, డబ్బు కావాలో రాసిచ్చే వీలుండాలి. నల్లరేగడి గారి భయానికి కూడా జవాబు ఉంది. జమ చేసే మొత్తాన్ని ప్రభుత్వం తానే చూపే కిలో ఖర్చుకు ముడిపెట్టి, ఏటా మార్చాలని చట్టంలోనే రాయవచ్చు.

తులసి కోట

పల్లెల్లో తల్లీబిడ్డల ఆరోగ్యానికి సంబంధించిన పనిలో ఉన్నాను. బియ్యమా డబ్బా అన్న ప్రశ్న దగ్గరే మీరంతా ఆగిపోవడం నాకు బాధ కలిగిస్తోంది.

స్వేచ్ఛగా రాసే పత్రికలు, ఎన్నికలు ఉన్న దేశంలో పెద్ద కరవు చావులు జరగవని అమర్త్య సేన్ చెప్పిన మాట స్వతంత్ర భారతం విషయంలో నిలబడింది. 1943 బెంగాల్ లాంటిది మళ్లీ రాలేదు. కానీ చప్పుడు లేని ఆకలిని ఆపడం మన ప్రజాస్వామ్యం ఇంకా నేర్చుకోలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. తెలంగాణలో అంతకు ముందు సర్వే నాటికంటే ఇది పెరిగింది. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత రెండు రాష్ట్రాల్లోనూ సగాన్ని దాటింది. వీళ్లు అన్నం లేనివాళ్లు కాదు. కంచంలో అన్నం ఉంటుంది, పక్కన పప్పు పలచబడి నీళ్లలా ఉంటుంది, గుడ్డు ఇంట్లో మగపిల్లవాడికి వెళుతుంది, ఆఖరున కూర్చున్న కోడలికి చారూ పచ్చడీ మిగులుతాయి.

తమిళనాడు కార్డుల్లో ధనిక, పేద అని వడబోయకుండా, బియ్యంతో పాటు కందిపప్పు కిలో 30 రూపాయలకు, పామాయిల్ లీటరు 25 రూపాయలకు ఇస్తూ వస్తోంది. అక్కడ ఎత్తు పెరగని పిల్లలు 25 శాతం. ఇదంతా రేషన్ వల్లనే అని నేను అనను, ఆసుపత్రులు, బడి భోజనం, ఆడపిల్లల చదువు అన్నీ కలిసి తెచ్చిన ఫలితమది. కానీ పప్పు, నూనె షాపులో ఉండటం ఒక రాష్ట్రానికి సాధ్యమైతే మనకెందుకు సాధ్యం కాదు? పెన్నాతీరం గారు ప్రస్తావించిన రాగులు, వాటితో పాటు జొన్నలు కూడా అదే షాపులో కోరుకున్నవారికి ఇవ్వవచ్చు. ఎంపిక ఉండాలంటే డబ్బే కావాలని లేదు. ఆ డబ్బు ఇంట్లో ఎవరి చేతిలో పడుతుందో, సాయంత్రానికి ఎక్కడ ఖర్చవుతుందో నాకు తెలుసు. బియ్యం సంచి మాత్రం వంటింట్లోకే వస్తుంది.

నల్లరేగడి

తులసి కోట గారి మాటతో పూర్తిగా ఏకీభవిస్తూ, ఎవరూ ఇంకా ఎత్తని విషయాన్ని చేర్చుతాను. బియ్యం ఇచ్చినా, డబ్బు వేసినా, పేరు జాబితాలో ఉన్నవారికే. 2011 జనాభా లెక్కల ఆధారంగా ఎంతమందికి ఇవ్వాలో నిర్ణయించారు, ఆ తరువాత పుట్టినవారు, పెళ్లయి వేరుపడినవారు ఎంతోమంది బయటే మిగిలారు. తెలంగాణలో కంప్యూటరు చూపిన లెక్కతో, ఇంటికి వెళ్లి చూడకుండా రద్దు చేసిన 19 లక్షలకు పైగా కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. కోర్టుకు వెళ్లేదాకా ఆ ఇళ్లకు తమ కార్డు ఎందుకు పోయిందో చెప్పినవారు లేరు.

ఉపాధి హామీలో సామాజిక తనిఖీ ఎలా చేయాలో దేశానికి చూపించింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. ఊరి మధ్య కూర్చుని, ఎవరి పేరున ఎన్ని పనిదినాలు రాశారో అందరి ముందూ చదివించారు. రేషన్‌కూ అదే చేయమంటున్నాను. మూడు నెలలకోసారి గ్రామసభలో ఎవరి పేరు తీసేశారో, ఏ కారణంతో తీసేశారో చదవాలి. అభ్యంతరం చెప్పినవారి కోటాను విచారణ ముగిసేదాకా ఆపకూడదు. విచారణకు గడువు ఉండాలి, గడువు దాటితే పాలేరు వాగు గారు చెప్పిన భత్యం అడగకుండానే జమ కావాలి. డబ్బు ఇవ్వవలసిన చోటు నాకు అక్కడే కనిపిస్తోంది.