తలకిందులుగా మాను దిగే నీలి పిట్ట ఏది?

ప్రశ్న: అరకు దారిలోని అనంతగిరి కొండల్లో, పిచ్చుక కన్నా చిన్నదైన నీలిరంగు పిట్ట ఒకటి పెద్ద చెట్టు మాను మీద తల కిందికి పెట్టి చకచకా దిగడం చూశాను. ముక్కు ఎర్రగా ఉంది. ఇది వడ్రంగిపిట్టల్లో ఒక రకమేనా? దీన్ని తీరిగ్గా గమనించడం ఎలా?

జవాబు 1: వడ్రంగిపిట్ట కాదండీ. వడ్రంగిపిట్ట బిరుసైన తోక ఈకలను మానుకు ఆనించి పైకి ఎక్కుతుంది. మీరు చూసినది వెల్వెట్ ఫ్రంటెడ్ నట్‌హాచ్. దీనికి తోక ఆసరా అక్కర్లేదు, ఒక కాలిని పైన, మరొకదాన్ని కింద పట్టుగా వేసి ఎటు కావాలంటే అటు నడుస్తూ బెరడు సందుల్లోని పురుగులను ఏరుకుంటుంది. నుదురు నల్లగా, కన్ను పసుపుగా ఉంటుంది. కంటికి పైభాగంలో వెనక్కి సాగే సన్నని నల్లగీత ఉంటే అది మగపక్షి.

జవాబు 2: ముక్కు రంగు చూడడం మంచి పని, ఎందుకంటే ఇండియన్ నట్‌హాచ్ ముక్కు నల్లగా, మగదాని పొట్ట ఇటుకరంగులో ఉంటుంది. అయితే వెల్వెట్ నట్‌హాచ్ పిల్లల ముక్కు కూడా నల్లగానే ఉంటుంది కాబట్టి వాటి విషయంలో ముక్కొక్కటే చాలదు.

జవాబు 3: ఇవి తరచుగా ఇతర చిన్న పిట్టలతో కలిసి గుంపుగా మేత వెతుకుతాయి. గుంపు వెంట పరుగెత్తకుండా, అది వెళ్లే దిశలో ముందుగా నిలబడి, "సిట్ సిట్ సిట్" అనే కూత వినిపించిన మాను మీద బైనాక్యులర్ నిలపండి. గూడు కట్టే కాలంలో మాత్రం రికార్డు చేసిన కూత వినిపించి పిలవకండి.