ఉబుంటులో నడిచే షెల్ స్క్రిప్టు మ్యాక్‌లో, ఫ్రీబీఎస్‌డీలో, డెబియన్‌లో ఎందుకు తేడా చేస్తోంది?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. రోజూ రాత్రి ఒక ఫోల్డరును టార్ చేసి (ఒకే ఆర్కైవ్ ఫైలుగా కట్టి) వేరే మెషీనుకు కాపీ చేసే స్క్రిప్టు రాసుకున్నాను. ఉబుంటులో ఏడాదిగా ఏ ఇబ్బందీ లేదు. ఇప్పుడు దాన్ని ఇంకో మూడు చోట్ల నడపాల్సి వచ్చింది, మూడు చోట్లా మూడు రకాల గొడవలు.

ఫ్రీబీఎస్‌డీలో (యునిక్స్ కుటుంబపు సిస్టమ్) అసలు మొదలే కాలేదు, బాష్ (స్క్రిప్టును నడిపే షెల్) దొరకడం లేదంది. సరే అని, ఏ షెల్‌తో నడపాలో చెప్పే మొదటి వరుసలో బాష్ తీసేసి ఎస్‌హెచ్ (sh) పెట్టాను. మ్యాక్‌లో 'సెడ్ -ఐ' (ఫైలులోని రాతను అక్కడికక్కడే మార్చే కమాండ్, sed -i) ఉన్న వరుస దగ్గర ఆగిపోతోంది. డెబియన్‌లో ఒక్క ఎర్రర్ కూడా రాదు, కానీ లాగ్ ఫైలు ఖాళీ, అవతలికి చేరిన ఆర్కైవ్ సగమే. అదే డెబియన్‌లో బాష్ అని పిలిచి చేత్తో నడిపితే అంతా బాగుంటుంది. ఎక్కడ వెతకాలో తెలియడం లేదు, దయచేసి చెప్పండి.

జవాబు:
ముందు డెబియన్ సంగతి చూద్దాం. మిగతా రెండు చోట్ల స్క్రిప్టు ఆగిపోయింది కాబట్టి మీకు తెలిసింది. ఇక్కడ ఆగకుండా తప్పు పని చేస్తోంది, అది చాలా ప్రమాదం. మీ స్క్రిప్టులో టార్ వరుస చివర '&> లాగ్' అని ఉందా?

ప్రశ్న వేసినవారు:
ఉందండీ. మామూలు మెసేజీలూ ఎర్రర్లూ రెండూ లాగ్‌లోకి వెళ్లాలని పెట్టాను. దాని కింద '$?' (అంతకుముందు కమాండ్ ఫలితం, సున్నా అంటే సఫలం) సున్నా అయితేనే కాపీ చేయమని షరతు కూడా ఉంది.

జవాబు:
దొరికింది. '&>' బాష్ సొంత గుర్తు. డెబియన్‌లో ఎస్‌హెచ్ అంటే బాష్ కాదు, డ్యాష్ అనే వేరే షెల్. దానికి ఆ గుర్తు తెలియదు కాబట్టి రెండు ముక్కలుగా చదువుతుంది. '&' దాకా ఒక కమాండ్, అంటే టార్‌ను బ్యాక్‌గ్రౌండులో వదిలేయడం. ఆ తర్వాత మిగిలిన '> లాగ్' ఇంకో కమాండ్, అంటే లాగ్ ఫైలును ఖాళీ చేయడం. ఖాళీ చేయడం బాగానే జరుగుతుంది కాబట్టి '$?' సున్నా వస్తుంది. మీ షరతు దాటిపోతుంది, టార్ ఇంకా రాస్తుండగానే కాపీ మొదలవుతుంది. లాగ్ ఖాళీగా ఉండటానికీ ఆర్కైవ్ సగమే వెళ్లడానికీ కారణం ఈ ఒక్క గుర్తే. 'సెట్ -ఈ' (ఏదైనా కమాండ్ విఫలమైతే స్క్రిప్టును ఆపేది) పెట్టినా పట్టుకోదు, ఎందుకంటే షెల్ లెక్కలో ఏదీ విఫలం కాలేదు.

దాని బదులు '> లాగ్ 2>&1' అని రాయండి. ఈ వరుసక్రమంలోనే రాయాలి. 2>&1 ముందు పెడితే ఎర్రర్లు తెరమీదకే పోతాయి.

మీ ఉబుంటులో కూడా 6.10 వెర్షన్ నుంచి, అంటే 2006 నుంచి, ఎస్‌హెచ్ డ్యాషే. అక్కడ మీ మొదటి వరుసలో బాష్ ఉంది కాబట్టి ఇన్నాళ్లూ తెలియలేదు. మ్యాక్‌లో ఎస్‌హెచ్ పేరుతో నడిచేది మామూలుగా బాషే, అక్కడ కూడా ఈ తప్పు బయటపడదు. అందుకే ఒక చోట నడిచిందని ధైర్యపడకూడదు.

షరతులు రాయడానికి '[[ ]]' వాడిన చోట్లు కూడా వెతకండి. డ్యాష్‌కు అది తెలియని కమాండ్, 'నాట్ ఫౌండ్' అని ఒక వరుస చెప్పి, షరతు అబద్ధమైనట్టు ఎల్స్ వైపు వెళ్లిపోతుంది. స్క్రిప్టు ఆగదు. ఎల్స్‌లో ఏదైనా చెరిపేసే పని ఉందంటే ఏమవుతుందో ఆలోచించండి. '[ ]' వాడి, లోపల '==' బదులు ఒక్క '=' పెట్టండి. వేరియబుల్స్‌కు కోట్స్ తప్పనిసరి.

మరొకరు:
ఇంత కష్టం ఎందుకండీ, అన్ని మెషీన్లలో బాష్ ఇన్‌స్టాల్ చేసి, మొదటి వరుసలో ఎన్వ్ (ప్రోగ్రామ్ ఎక్కడుందో వెతికి నడిపే కమాండ్, env) ద్వారా బాష్‌ను పిలిస్తే సరిపోదా? ఫ్రీబీఎస్‌డీలో అది యూజర్-లోకల్ కింద ఉన్నా ఎన్వ్ వెతికి పట్టుకుంటుంది.

జవాబు:
అది కూడా మంచి దారే, మెషీన్లన్నీ మన చేతిలో ఉంటే. రెండు జాగ్రత్తలు చెబుతాను. మ్యాక్‌తో వచ్చే బాష్ ఇప్పటికీ 3.2. 4.0 నుంచి బాష్ లైసెన్సు జీపీఎల్ 3కు మారింది, యాపిల్ 3.2 దగ్గరే ఉండిపోయింది. పేర్లతో వెతికే అర్రేలు, మ్యాప్‌ఫైల్ కమాండ్ 4.0లో వచ్చినవే, కాబట్టి అక్కడ పనిచేయవు. రెండోది, ఎన్వ్ వరుసలో బాష్ పక్కన '-ఈ' లాంటివి తగిలించకండి. లినక్స్ ఆ మొత్తాన్నీ ఒకే పేరు అనుకుని అలాంటి ప్రోగ్రామ్ లేదంటుంది. 'సెట్ -ఈ' అని లోపల రెండో వరుసలో రాసుకోండి.

నా మాట అడిగితే, ఇంత చిన్న స్క్రిప్టుకు ఎస్‌హెచ్ చాలు. కానీ మొదటి వరుసలో ఎస్‌హెచ్ అని రాశాక లోపల బాష్ గుర్తు ఒక్కటి కూడా ఉండకూడదు. ఇక్కడ జరిగింది అదే, పేరు మారింది, లోపలి రాత మారలేదు.

ఇక మ్యాక్‌లో సెడ్. లినక్స్‌లో ఉండే జీఎన్‌యూ సెడ్‌లో '-ఐ' తర్వాత ఏమీ ఇవ్వకపోయినా సరే. మ్యాక్, ఫ్రీబీఎస్‌డీ సెడ్‌లో '-ఐ' తర్వాత బ్యాకప్ పేరు చివర చేర్చే ముక్క తప్పనిసరి. అందుకని మీ మార్పిడి సూత్రాన్నే ఆ ముక్క అనుకుని, ఫైలు పేరును సెడ్ కమాండ్ అనుకుంటుంది. అక్కడ ఖాళీ కోట్స్ పెట్టి తప్పించుకోమని చాలామంది చెబుతారు, కానీ అలా రాస్తే లినక్స్‌లో విరిగిపోతుంది. '-ఐ.బ్యాక్' అని మధ్యలో ఖాళీ లేకుండా అతికించి రాస్తే రెండు చోట్లా నడుస్తుంది, తర్వాత బ్యాకప్ ఫైలు చెరిపేసుకోవచ్చు.

పోసిక్స్ (యునిక్స్ తరహా సిస్టమ్‌ల ఉమ్మడి ప్రమాణం) ప్రకారం మాత్రం సెడ్‌కు '-ఐ' అనేదే లేదు. తాత్కాలిక ఫైలులోకి రాసి, దాన్ని క్యాట్‌తో అసలు ఫైలులోకి పంపడం నేను చేసే పద్ధతి. ఎంవీ (ఫైలును జరిపే కమాండ్) వాడితే ఒక చిక్కుంది. ఎంకేటెంప్ (తాత్కాలిక ఫైలు తయారుచేసే కమాండ్) చేసిన ఫైలు 600 అనుమతితో, అంటే యజమాని మాత్రమే చదివి రాయగలిగేలా పుడుతుంది, ఎంవీ చేశాక మీ ఫైలుకూ అదే అనుమతి వచ్చి వేరే యూజర్లు చదవలేకపోతారు.

మరొకరు:
నేను ఇలాంటి చోట యునేమ్ (సిస్టమ్ పేరు చెప్పే కమాండ్) చూసి, లినక్స్ అయితే ఒక వరుస, మ్యాక్ అయితే ఇంకో వరుస అని రాస్తాను.

జవాబు:
కొన్నిచోట్ల తప్పదు, కానీ సెడ్‌కు వద్దంటాను. మ్యాక్‌లో జీఎన్‌యూ సెడ్ పెట్టుకుని అదే పేరుతో పిలిచేవాళ్లు ఉన్నారు. సిస్టమ్ పేరు చూసి కమాండ్ స్వభావాన్ని ఊహించలేం. రెండు చోట్లా నడిచే రాత ఉన్నప్పుడు అదే రాద్దాం. ఏదైనా ప్రోగ్రామ్ ఉందో లేదో చూడాలంటే 'కమాండ్ -వీ' వాడండి, విచ్ వద్దు.

ప్రశ్న వేసినవారు:
చాలా కృతజ్ఞతలు. ఇంకొక్కటి. వారం దాటిన ఆర్కైవ్‌లు తీసేయడానికి 'డేట్ -డి'తో పాత తేదీ లెక్కగట్టి ఫైలు పేరు తయారు చేస్తున్నాను. మ్యాక్‌లో '-డి' పనిచేయడం లేదు.

జవాబు:
అక్కడ '-వీ' అనే వేరే పద్ధతి ఉంది. తేదీలు కూడి తీసివేసే పని పోసిక్స్ డేట్‌లో లేదు. మీకు నిజంగా కావాల్సింది తేదీ కాదు, పాత ఫైళ్లు. ఫైండ్‌లో '-ఎంటైమ్ +7' పెట్టి, '-ఎక్సెక్'తో ఆర్‌ఎం పిలవండి. +7 అంటే నిండా 8 రోజులు గడిచినవి, ఆ లెక్క గుర్తుంచుకోండి. ఫైండ్ పక్కన ఫోల్డరు పేరు తప్పకుండా ఇవ్వాలి, లినక్స్‌లోలాగా వదిలేస్తే మ్యాక్‌లో ఒప్పుకోదు.

ఈ మార్పులన్నీ అయ్యాక షెల్‌చెక్ అనే తనిఖీ ప్రోగ్రామ్‌తో చూడండి. అది మొదటి వరుస చదివి, ఎస్‌హెచ్ అని ఉంటే బాష్ గుర్తులన్నీ వరుస నంబర్లతో చూపిస్తుంది. అయితే సెడ్, డేట్ లాంటి బయటి కమాండ్ల తేడాలు దాని చేతిలో లేవు, వాటికి ఆయా మెషీన్ల మీద నడిపి చూడాల్సిందే.

ప్రశ్న వేసినవారు:
షెల్‌చెక్ '&>' ఇంకో రెండు చోట్ల, '[[' ఒక చోట పట్టింది, మార్చాను. డెబియన్‌లో లాగ్ నిండింది, ఆర్కైవ్ పూర్తిగా వెళ్లింది. ఫ్రీబీఎస్‌డీలో కూడా మొదలైంది. మ్యాక్‌లోనూ ఫ్రీబీఎస్‌డీలోనూ ఒక్క చిక్కే మిగిలింది. 'డబ్ల్యూసీ -ఎల్'తో ఫైళ్ల జాబితా లెక్కపెట్టి, 3 వచ్చిందా అని '='తో చూస్తున్నాను. తెరమీద 3 అనే కనిపిస్తోంది, అయినా సమానం కాదంటోంది.

జవాబు:
ఆ రెండు చోట్లా డబ్ల్యూసీ అంకెకు ముందు ఖాళీలు వేస్తుంది, కోట్స్‌లో ఉన్నందువల్ల అవి అలాగే నిలిచిపోయాయి. '=' అక్షరాలను పోలుస్తుంది కాబట్టి కుదరలేదు. వచ్చిన విలువను '$(( ))' లోపల పెట్టి తీసుకోండి, ఖాళీలు పోయి అంకె మాత్రం మిగులుతుంది. తర్వాత '-ఈక్యూ'తో పోల్చండి.

ప్రశ్న వేసినవారు:
కుదిరిందండీ, నాలుగు మెషీన్లలోనూ ఒకటే స్క్రిప్టు.