బడిలో 106 మంది, పోర్టల్‌లో 98: గ్రాంటు సగానికి పడిపోయింది, ఏం చేయాలి?

సుజాత, వైట్‌ఫీల్డ్, బెంగళూరు:
మా ఇంటి దగ్గర ప్రభుత్వ బడికి శనివారాలు వెళ్లి లెక్కలు చెబుతుంటాను. హాజరు పట్టీలో 106 మంది, యూడైస్ ప్లస్‌లో (బడుల వివరాలు ఎక్కించే కేంద్ర పోర్టల్) మాత్రం 98. తేడా ఉన్నవాళ్లంతా ఆదోని, ఎమ్మిగనూరు వైపు నుంచి బిల్డింగ్ పనికి వచ్చినవాళ్ల పిల్లలే. ఈసారి గ్రాంటు 25 వేలే వచ్చింది. సుద్దముక్కలు, కరెంటు బిల్లు, ఫినాయిలు అన్నీ అందులోంచే. ఎవరిని అడగాలి?

రమణ, కేఆర్ పురం:
అమ్మా, నేను టీచర్ని. సమగ్ర శిక్షా (బడులకు డబ్బిచ్చే కేంద్ర పథకం) గ్రాంటులో పిల్లలు వంద దాటితే 50 వేలు, 31 నుంచి వంద దాకా 25 వేలు, మధ్యలో ఏమీ లేదు. ఆ పిల్లల పెన్ నంబర్లు (పోర్టల్‌లో ఒక్కో పిల్లకీ ఉండే శాశ్వత నంబరు) ఇంకా పాత బడిలోనే ఉండి ఉంటాయి, ఆ బడివాళ్లు వదలందే ఇక్కడ ఎక్కవు. మన కర్ణాటక విద్యార్థుల పోర్టల్ శాట్స్‌లో పేరున్నా కేంద్రం లెక్క వేరు. హెడ్మాస్టర్ లాగిన్‌లో రిలీజ్ రిక్వెస్ట్ పెట్టించి, పాత బడికి మీరే ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడితే పని త్వరగా అవుతుంది. ఆధార్‌లో, బడి రికార్డులో పుట్టినతేదీ ఒకటేనా చూడండి, సగం కేసులు అక్కడే ఆగుతాయి.

కిరణ్, ఆడిట్:
ఇంత బిగించడానికి కారణం ఉంది. ఇదివరకు బడి మొత్తానికి అంకె రాస్తే సరిపోయేది. 2022-23 నుంచి పేరుపేరునా అడుగుతున్నారు, అది మంచిదే. కానీ దొంగ పేర్లతో పాటు వలస పిల్లల పేర్లూ రాలిపోతున్నాయి, దొంగ పేరు తీసేస్తే డబ్బు మిగిలిందని రాసుకుంటారు, నిజంగా ఉన్న పిల్ల పేరు పోతే అడిగేవాళ్లే ఉండరు. పాత అంకెల గోల బడికొక్కదానికే కాదు, రేషన్ కోటా, రాష్ట్రాలకు పన్నుల వాటా తేల్చే 15వ ఆర్థిక సంఘం లెక్కలు కూడా 2011 జనాభా మీదే నడిచాయి. అప్పటి వైట్‌ఫీల్డ్‌కీ ఇప్పటిదానికీ పోలికుందా?

పద్మ, మారతహళ్లి:
సంఖ్య ఒక్కటే కాదండీ. నేను మా బడి ఎస్‌డీఎంసీలో (తల్లిదండ్రులుండే బడి కమిటీ) ఉన్నాను. మా బడిలో మోటారు కాలిపోయి టాయిలెట్‌కి నీళ్లు లేవు, ఆడపిల్లలు మధ్యాహ్నమే ఇంటికి పోయేవాళ్లు. యూడైస్ ఫారంలో మాత్రం పోయినేడు పెట్టిన 'పనిచేస్తోంది' అలాగే ఉంది. రిపేరుకి డబ్బులడిగితే మీ రికార్డులో బాగానే ఉందిగా అన్నారు. సబ్మిట్ చేసే ముందు ప్రింటు తీసుకుని, బడి చుట్టూ తిరిగి ఒక్కో గడీ సరిచూడండి.

సుజాత:
థాంక్సండీ. ఒక పాపకి టీసీయే లేదు, రాత్రికి రాత్రి బయల్దేరి వచ్చేశారట. మరి?

రమణ:
టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదు, విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ చూపించండి. పాత బడి పేరు, ఊరు కనుక్కోండి చాలు, పెన్ నంబరు వాళ్ల దగ్గరే దొరుకుతుంది.