180 వోల్టుల వద్ద వెయ్యి వాట్ల హీటరు: నిరోధం, శక్తి లెక్కలపై సందేహాలు

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి):
సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లో నీళ్లు కాచుకునే హీటర్ రాడ్డుపై 230 వోల్టులు, 1000 వాట్లు అని ముద్రించి ఉంది. సాయంత్రం వేళ ఒక బకెట్టు నీళ్లు కాగడానికి దాదాపు గంట పడుతుండడంతో క్లాంప్ మీటరు (తీగ చుట్టూ బిగించి కరెంటు కొలిచే పరికరం) తెచ్చి కొలిచాను. రాడ్డు పనిచేస్తుండగా సాకెట్టు వద్ద 180 వోల్టులు, ఫేజు తీగలో 3.4 ఆంపియర్లు వచ్చాయి. గుణిస్తే 612 వాట్లే అవుతున్నాయి. రాడ్డు పాడైందని, కొత్తది కొనాలని ఇక్కడి ఎలక్ట్రీషియన్ చెబుతున్నారు. నిజమేనా? ఇంకొక సందేహం: 100 వాట్ల ఫిలమెంటు బల్బును హోల్డరు నుంచి తీసి మల్టీమీటరుతో చూస్తే 38 ఓంలు మాత్రమే చూపింది. లెక్క ప్రకారం 529 ఓంలు రావాలి కదా?

సమాధానం:
అయ్యా, మీరు వోల్టేజీని, కరెంటును ఒకే సమయంలో కొలిచి రాశారు కాబట్టి జవాబు స్పష్టంగా చెప్పవచ్చు. వోల్టేజీని కరెంటుతో భాగిస్తే నిరోధం (కరెంటును తీగ అడ్డుకునే గుణం, దాని కొలమానం ఓం) వస్తుంది: 180ని 3.4తో భాగిస్తే 52.9 ఓంలు. ఇప్పుడు రాడ్డుపై ముద్రించిన అంకెలను చూడండి. వోల్టేజీ వర్గాన్ని వాట్లతో భాగించినా నిరోధమే వస్తుంది కనుక, 230ని 230తో గుణించి 1000తో భాగించినా అదే 52.9 ఓంలు వస్తుంది. అంటే మీ రాడ్డులో ఏ లోపమూ లేదు. దయచేసి కొత్తది కొనకండి. నిరోధం మారనప్పుడు శక్తి వోల్టేజీ వర్గాన్ని అనుసరించి తగ్గుతుంది కనుక, వోల్టేజీ 22 శాతం పడిపోతే వేడి 39 శాతం తగ్గింది. 20 లీటర్ల నీటిని 20 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు తేవాలంటే 1000 వాట్లతో సుమారు 35 నిమిషాలు, 612 వాట్లతో సుమారు 57 నిమిషాలు పడుతుంది. ఖర్చయ్యే యూనిట్లు మాత్రం దాదాపు ఒక్కటే.

బల్బు సంగతి వేరు. దానిలోని టంగ్‌స్టన్ తీగ వెలిగేటప్పుడు రెండు వేల డిగ్రీలు దాటి వేడెక్కుతుంది, ఆ వేడికి నిరోధం పదింతలకు పైగా పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు 38, వెలుగుతున్నప్పుడు 529 ఓంలు ఉండడం సహజమే. హీటరులోని నైక్రోమ్ తీగ నిరోధం వేడితో కొద్దిగానే మారుతుంది కాబట్టి అక్కడ ఈ చిక్కు రాలేదు.

వోల్టేజీ ఎక్కడ పోతోందో తేలాలంటే ఇంటి మీటరు వద్ద, సాకెట్టు వద్ద, రాడ్డు వేసి ఒకసారి, ఆపి ఒకసారి కొలిచి రాయండి. కరెంటు ఉన్న తీగలపై కొలత కాబట్టి పక్కన తెలిసినవారు ఉండడం అవసరం. ఓంలు కొలిచే అమరికలో ఉన్న మల్టీమీటరును సరఫరా ఉన్నచోట ఎన్నడూ తాకించవద్దు.

పర్లాకిమిడి సభ్యులు మళ్లీ:
ఎలక్ట్రీషియన్‌ను దగ్గర ఉంచుకొని కొలిచాను. రాడ్డు ఆపినప్పుడు రెండు చోట్లా 184 వోల్టులే ఉన్నాయి. వేసినప్పుడు మీటరు వద్ద 183, సాకెట్టు వద్ద 180. మధ్య దూరం 15 మీటర్లు, తీగ 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగిది.

సమాధానం:
రాడ్డు వేయకముందే 184 వోల్టులున్నాయి కనుక అసలు లోటు వీధి లైనులోనిది. వోల్టేజీ 6 శాతానికి మించి పడిపోకూడదన్నది మన దేశంలో చాలాకాలంగా ఉన్న నిబంధన. ఆ ప్రకారం 216 వోల్టులకు తగ్గకూడదు. తేదీ, సమయం, రీడింగు వరుసగా రాసి సెక్షన్ ఆఫీసులో దరఖాస్తు ఇవ్వండి. ఇరుగుపొరుగు కూడా కలిస్తే మంచిది. స్టెబిలైజరు కొనడం పరిష్కారం కాదు, ఎందుకంటే అది లైను నుంచి మరింత కరెంటు లాగి మీ పక్కింటి వోల్టేజీని ఇంకా తగ్గిస్తుంది.

అయితే మీటరుకు, సాకెట్టుకు మధ్య పోయిన 3 వోల్టులను చిన్నవిగా చూడకండి. 3ని 3.4తో భాగిస్తే 0.88 ఓం. రానూపోనూ 30 మీటర్ల తీగకు సుమారు 0.36 ఓం సరిపోతుంది. మిగిలిన 0.52 ఓం వదులు స్క్రూలో, కాలిన సాకెట్టులో, సరిగా చుట్టని జాయింటులో ఉండాలి. కరెంటు వర్గాన్ని ఈ నిరోధంతో గుణిస్తే 6 వాట్లు. అది ఒకే చిన్న బిందువు వద్ద పుడితే ప్లాస్టిక్కు మెత్తబడి మంట అంటుకోవచ్చు. మెయిను ఆపి బిగింపులన్నీ చూపించండి. ముందుగా చేయవలసింది ఇదే.

గుణుపురం నుంచి మరొక సభ్యులు:
నా 1 హెచ్.పి. (హార్స్ పవర్) పంపు 230 వోల్టుల వద్ద 7.5 ఆంపియర్లు తీసుకుంటోంది. గుణిస్తే 1725 వాట్లు. 1 హెచ్.పి. అంటే 746 వాట్లే కదా?

సమాధానం:
మోటారుకు ఈ భాగహారం, గుణకారం నేరుగా వర్తించవు. వోల్టేజీని కరెంటుతో భాగిస్తే వచ్చేది చుట్ల నిరోధం కాదు. గుణిస్తే వచ్చే 1725 కూడా వాట్లు కాదు, వోల్టు ఆంపియర్లు. అసలు వాట్లు తెలియడానికి ఇంటి ఎలక్ట్రానిక్ మీటరే చాలు. దానిపై యూనిట్‌కు (ఒక కిలోవాట్ గంటకు) 3200 పల్సులు అని ఉంటే, మిగతావన్నీ ఆపి పంపు ఒక్కటే నడుపుతూ ఒక నిమిషంలో ఎర్ర దీపం ఎన్నిసార్లు మెరిసిందో లెక్కించండి. 68 సార్లు మెరిస్తే 68ని 60తో గుణించి 3200తో భాగించగా 1.275 కిలోవాట్లు, అంటే 1275 వాట్లు. దానిని 1725తో భాగిస్తే పవర్ ఫ్యాక్టరు (వోల్టు ఆంపియర్లలో అసలు వాట్లుగా లెక్కకు వచ్చే భాగం) 0.74. మోటారుపై రాసిన హెచ్.పి. ఇరుసు వద్ద అందే శక్తి మాత్రమే కాబట్టి, తీసుకునే వాట్లు దానికంటే ఎక్కువగా ఉండడం సహజం.

ఇంకొక ముఖ్య విషయం. వోల్టేజీ తగ్గితే హీటరు కరెంటు తగ్గుతుంది గాని, బరువు మోస్తున్న మోటారు కరెంటు పెరుగుతుంది, చుట్లు కాలుతాయి. మీ వీధిలో కూడా సాయంత్రం 180 వోల్టులకు పడిపోతుంటే ఆ వేళల్లో పంపు వేయకండి.