అప్‌డేట్: డిస్నీ వరల్డ్ ప్రైవేట్ గైడ్ సంగతి

అమ్మానాన్నలు వస్తున్నారు, ఓర్లాండో డిస్నీలో వీఐపీ టూర్ (ప్రైవేట్ గైడ్ మన వెంటే ఉండి పార్క్ తిప్పడం) తీసుకోవచ్చా అని అడిగాను కదా. వద్దనుకున్నాం. సీజన్‌ను బట్టి గంటకు 450 నుంచి 900 డాలర్లు, కనీసం 7 గంటలు. అంటే తక్కువలో తక్కువ 3,150. పార్క్ టికెట్లు మళ్లీ వేరే! పదిమంది దాకా అదే రేటు కాబట్టి రెండు కుటుంబాలు కలిస్తే ఆలోచించొచ్చు. మేం ఐదుగురమే.

"గైడ్‌కు బాగానే ముడుతుందిలే" అన్నవాళ్లకు: ఆ డబ్బు కంపెనీకి వెళ్తుంది, గైడ్‌ది గంటల లెక్కన జీతం. అక్కడి సర్వీస్ ఉద్యోగుల కనీస వేతనం గంటకు 18 డాలర్లు చేయించడానికి 2023లో యూనియన్లు గట్టిగా పట్టుబట్టాల్సి వచ్చింది. గైడ్‌కు దానికి రెట్టింపు ఇస్తున్నారనుకున్నా, 450 ఎక్కడ, 36 ఎక్కడ? టిప్ మాత్రం మన ఇష్టం.

నాన్న మోకాళ్ల కోసం వీల్‌చెయిర్ అద్దెకు తీసుకుంటున్నాం, క్యూలకు లైట్నింగ్ లేన్ (డబ్బు కట్టి చిన్న క్యూలో వెళ్లడం).